పనామా గీషా డికాషన్ పుల్లగా దిగింది: సరుకు నకిలీదా, చేసిన పద్ధతి తప్పా?

సీతమ్మధార_సుబ్బు
పనామా గీషా అనే రకం కాఫీ గింజలు 100 గ్రాములు 6,500 రూపాయలకి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ప్యాకెట్ మీద వాష్డ్ (గుజ్జు కడిగేసి ఎండబెట్టినది), లైట్ రోస్ట్ (తక్కువ వేయించినది), బొకేటే (పనామాలో ఊరు), 1,700 మీటర్ల ఎత్తు అని ఉంది. మల్లెపూలు, కమలాతొక్క వాసన అని కూడా రాశారు. మిక్సీ చిన్న జార్‌లో పొడి చేశాను. ఇత్తడి ఫిల్టర్‌లో మూడు చెంచాలు వేసి మరిగిన ఆర్వో నీళ్లు పోశాను. డికాషన్ టీ రంగులో దిగింది. నోట్లో పోసుకుంటే నిమ్మకాయ పిండినట్టుంది. రెండోసారి పాలు పోస్తే విరిగాయి. మల్లెపూలు ఎక్కడా లేవు. ఇంకా 62 గ్రాములు మిగిలింది. ఇది నకిలీదా? తర్వాత జమైకా బ్లూ మౌంటెన్, పునుగు పిల్లి కాఫీ కొనాలని ఉంది. వాటి మీద డబ్బు పెట్టొచ్చా?

డికాషన్_రాణి
రోస్ట్ చేసిన తేదీ ఎంత? ప్యాక్ చేసిన తేదీ కాదు, రోస్ట్ తేదీ. గింజల మీద నూనె మెరుపు ఉందా?

సీతమ్మధార_సుబ్బు
రోస్ట్ చేసి 19 రోజులైంది. నూనె లేదు. దాల్చినచెక్క రంగు.

మధురవాడ_మంట
దాల్చినచెక్క రంగంటే ఒకటి చూసుకోవాలి. ఒక గింజ పంటికింద పెట్టి కొరకండి. వేయించిన శనగలా పటుక్కున విరిగిందా, పచ్చి గింజలా పంటిని ఎదిరించిందా? పొడి చేసేటప్పుడు పచ్చి బఠాణీ వాసన, గడ్డి వాసన వచ్చిందా?

సీతమ్మధార_సుబ్బు
పటుక్కున విరిగింది. గడ్డి వాసన లేదు. పొడి చేస్తున్నప్పుడు మాత్రం వంటింట్లో తేయాకు లాంటి మంచి వాసన వచ్చింది.

మధురవాడ_మంట
అయితే రోస్ట్ బాగానే ఉంది. లోపల ఉడకని గింజ అలా విరగదు. గీషాని వేయించేటప్పుడు గింజలు పగిలే మొదటి చిటపట మొదలయ్యాక ఒకటి, ఒకటిన్నర నిమిషంలోపే దించేస్తారు. ఇంకా ఉంచితే ఆ పూల వాసనే ముందు పోతుంది. అందుకే రంగు అంత పలచన.

కప్పింగ్_చెంచా
సరుకు మీద అనుమానం పక్కన పెట్టండి సుబ్బు గారూ. తయారీలో మూడు చోట్ల దెబ్బతింది.

ముందు మిక్సీ. బ్లేడు గింజని నలపదు, నరుకుతుంది. కొంత పిండి, కొంత రవ్వ, కొంత పలుకులు వస్తాయి. పిండిలోంచి చేదు దిగుతుంటే పలుకుల్లోంచి పులుపు తప్ప ఏమీ దిగదు. లైట్ రోస్ట్ గింజ గట్టిది కాబట్టి పలుకులు ఇంకా ఎక్కువ.

తర్వాత ఫిల్టర్. మనం 20 గ్రాముల పొడికి 100, 120 మి.లీ. నీళ్లు పోస్తాం. బాగా మాడ్చిన గింజ గుల్లబారి ఉంటుంది, చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) అయితే చెప్పక్కర్లేదు, ఆ కాసిని నీళ్లకే సారమంతా వదిలేస్తుంది. లైట్ రోస్ట్ అలా వదలదు. ముందు ఆమ్లాలు దిగుతాయి, తర్వాత తీపి, ఆఖరున చేదు. మీ నీళ్లు ఆమ్లాల దగ్గరే అయిపోయాయి. పైగా ఇత్తడి నీళ్ల వేడిని లాగేస్తుంది.

ఇక పాలు. వేడి మీద ఉన్న పాలకి పుల్లటి, చిక్కటి డికాషన్ తగిలితే, ఆ పాలు ఉదయం ప్యాకెట్‌లో సాయంత్రం మిగిలినవైతే, విరగడం సహజం. పాలు తాజావైనా గీషాలో పోయకండి. మల్లెపూలని మీగడలో ముంచినట్టే.

15 గ్రాముల పొడి, 240 గ్రాముల నీళ్లు, 95 డిగ్రీలు. పొడి ఇడ్లీ రవ్వ కంటే సన్నం, టేబుల్ సాల్ట్ కంటే కాస్త ముతక. వీ60 గరాటులో పేపర్ పెట్టి, వేడినీళ్లతో తడిపి, ఆ నీళ్లు పారబోయండి. 45 గ్రాముల నీళ్లు పోసి 40 సెకన్లు పొంగనివ్వండి. నిమిషం పది సెకన్లకల్లా 150 గ్రాముల దాకా, నిమిషం నలభైకి 240 దాకా పోయండి. 2:45 నుంచి 3:15 మధ్య మొత్తం దిగిపోవాలి. 2:20 లోపే దిగితే పొడి ఇంకా సన్నం చెయ్యండి. 3:45 దాటితే ముతక చెయ్యండి. దిగగానే తాగొద్దు. గీషా పరిమళం వేడి తగ్గి గోరువెచ్చనయ్యాకే బయటికొస్తుంది.

గాజువాక_గుండ్రాయి
సుబ్బన్నా, గ్రైండరు లేదని బజార్లో కాఫీ పొడి దుకాణానికి పట్టుకెళ్లి ఆడించకు. ఆ మరలో అంతకుముందు ఎవరిదో చికోరీ కలిపిన పొడి ఆడించి ఉంటారు. పళ్ల మధ్య ఇరుక్కున్నది నీ 15 గ్రాముల్లో కలిసిందంటే గీషా అన్న మాటే ఉండదు. చేత్తో తిప్పే స్టీల్ బర్ గ్రైండరు (పళ్ల చక్రాల మధ్య గింజని నలిపేది) ఒకటి తీసుకో. లైట్ రోస్ట్‌కి చవక సిరామిక్ బర్ పనికిరాదు, పిడి తిప్పలేక చెయ్యి పడిపోతుంది, పొడి కూడా సమంగా రాదు.

నీళ్లలెక్క
ఆర్వో నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) ఎంత?

సీతమ్మధార_సుబ్బు
మీటరు పెట్టి చూశాను. 22.

నీళ్లలెక్క
ఆ నిమ్మకాయ పులుపులో సగం పాపం ఈ నీళ్లదే.

కాఫీలోని ఆమ్లాన్ని కాస్త అణిచేది నీళ్లలో ఉండే బైకార్బొనేటు, అంటే క్షారత. ఆర్వో అది చాలావరకు తీసేస్తుంది. అణిచేది లేక పులుపు నేరుగా నాలుకని కొడుతుంది. మెగ్నీషియం, కాల్షియం కూడా లేకపోతే సారం సరిగ్గా దిగదు, రుచి బోలుగా ఉంటుంది. అలాగని బోరు నీళ్లు పోసినా కుదరదు. బీచ్ వైపు కాలనీల్లో చాలా బోర్లు ఉప్పుతేలి ఉంటాయి. క్షారత ఎక్కువైతే పులుపుతో పాటు పూల వాసన కూడా చచ్చి సున్నపు తేట తాగినట్టుంటుంది. స్పెషాల్టీ కాఫీ (మేలురకం కాఫీ) వాళ్లు పెట్టుకున్న గురి టీడీఎస్ 150 దగ్గర, క్షారత 40 దగ్గర. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలే చూపిస్తుంది. అందులో గట్టిదనం (కాల్షియం, మెగ్నీషియం) ఎంత, క్షారత ఎంత అన్నది విడదీసి చెప్పదు. కాబట్టి మీటరు 150 చూపించినంత మాత్రాన నీళ్లు మంచివని అనుకోవద్దు.

మీ ఆర్వో నీళ్లనే దిద్దుకోవచ్చు. రెండు సీసాలు పెట్టుకోండి.
మొదటి సీసా: లీటరు ఆర్వో నీళ్లలో 2.45 గ్రాముల ఎప్సమ్ సాల్ట్. తినడానికి పనికొచ్చే రకమే కొనండి, కాళ్లు నానబెట్టుకునే ప్యాకెట్ వద్దు.
రెండో సీసా: లీటరు ఆర్వో నీళ్లలో 1.68 గ్రాముల వంట సోడా. బేకింగ్ పౌడర్ కాదు, వంట సోడా.
కాఫీకి లీటరు నీళ్లు కావాలంటే మొదటి సీసాలోంచి 80 గ్రాములు, రెండో సీసాలోంచి 40 గ్రాములు తీసి, 880 గ్రాముల ఆర్వో నీళ్లు కలపండి. గట్టిదనం 80, క్షారత 40 వస్తుంది. సీసాలు ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు వారాల్లో వాడేయండి. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. చెంచా కొలతకి సోడా ఎక్కువైతే కాఫీ సబ్బునీళ్లలా ఉంటుంది.

ఎంవీపీ_మూర్తి
సోడా, ఎప్సమ్, త్రాసు, గరాటు. కాఫీకి ఇంత తతంగమా? పైగా పాలు పోస్తే పాడైపోయే కాఫీకి 6,500. లెక్కేయండి, కప్పుకి 975 రూపాయలు. పొద్దున్నే స్టీలు గ్లాసులో నురగతో తాగేదే కాఫీ.

డికాషన్_రాణి
మూర్తి గారూ, నా ఓటు కూడా డికాషన్‌కే. కానీ తప్పు గీషాది కాదు, జోడీ కుదరలేదు. పాలతో తాగాలంటే పాలకి ఎదురు నిలిచే గింజ కావాలి. మీడియం డార్క్ పీబెర్రీ (పండులో ఒంటిగా పెరిగిన గింజ), మాన్సూన్డ్ మలబార్ (వానాకాలపు తేమగాలికి ఉబ్బనిచ్చిన కాఫీ), లేదా 20 శాతం మంచి వాష్డ్ రోబస్టా జాతి కలిపిన అరబికా జాతి. వీటిల్లో పులుపు తక్కువ, చిక్కదనం ఎక్కువ. ఆ గింజని పట్టుకెళ్లి వీ60లో పోస్తే అదీ చప్పగానే ఉంటుంది.

ఎంవీపీ_మూర్తి
అది ఒప్పుకుంటాను. 975 మాత్రం ఒప్పుకోను. ఏం చూసి అంత?

కప్పింగ్_చెంచా
ఆ రకానికి అంత ధర ఎందుకో చెప్తాను. విత్తనం 1930ల్లో ఇథియోపియా నైరుతి అడవుల్లో సేకరించింది. టాంజానియా మీదుగా 1953లో కోస్టారికా పరిశోధన కేంద్రానికి, 1960ల్లో పనామాకి చేరింది. ఆకు తుప్పు తెగులుని కాస్త తట్టుకుంటుందని తెచ్చారు గానీ, కొమ్మలు పెళుసు, కాపు తక్కువ కావడంతో రైతులు పక్కన పడేశారు. బొకేటేలో లా ఎస్మెరాల్డా తోట వాళ్లు ఎత్తు మీద ఉన్న ఆ చెట్ల పళ్లని విడిగా కోసి, 2004 బెస్ట్ ఆఫ్ పనామా పోటీలో పెట్టాకే లోకానికి తెలిసింది. 2025 వేలంలో ఒక వాష్డ్ గీషా లాటు (ఒక విడత సరుకు) కిలో 30,204 డాలర్లు పలికింది. అది 20 కిలోల ఒకే ఒక్క లాటు. మార్కెట్లో దొరికే ప్రతి గీషా అది కాదు. గీషా అన్న పేరుతో వేర్వేరు మొక్కలు కూడా తిరుగుతున్నాయి. తోట పేరు, లాటు, కోసిన ఏడాది లేకుండా ఒట్టి గీషా అని రాసి ఉంటే కొనొద్దు.

నీళ్లలెక్క
మనదేశంలో విదేశీ కాఫీ మీద మామూలు దిగుమతి సుంకం నూటికి నూరు. ప్యాకెట్ ధరలో అది కూడా కూర్చుని ఉంటుంది.

సీతమ్మధార_సుబ్బు
నా ప్యాకెట్ మీద తోట పేరు ఉంది, లాటు నంబరు ఉంది. కొంచెం ధైర్యం వచ్చింది. 62 గ్రాములంటే నాలుగు కప్పులు. చెడగొట్టకుండా ఎలా మొదలుపెట్టాలి?

కప్పింగ్_చెంచా
ముందు దాన్ని ముట్టుకోకండి. అరకు వాష్డ్ లైట్ మీడియం పావు కిలో తెచ్చుకోండి. మీ గీషా ఒక కప్పు ఖరీదు లోపే వస్తుంది. దాని మీద చెయ్యి తిరిగాక గీషా తీయండి. గ్రైండర్ సెట్టింగు, నీళ్లు, పోసే వేగం ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

భీమిలి_కెరటం
అరకుది 900 మీటర్ల ఎత్తు, గీషా 1,700. చెయ్యి తిప్పుకోడానికి సరే, పోల్చడానికి మాత్రం కుదరదు కదా?

పాడేరు_పండు
ఎత్తొక్కటే చూస్తే ఎలాగ? ఏటంటే, చెట్టుకి తెలిసేది మీటర్లు కాదు, చల్లదనం. భూమధ్యరేఖకి దూరమయ్యే కొద్దీ తక్కువ ఎత్తులోనే ఆ చల్లదనం దొరుకుతుంది. పనామా 8, 9 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మన పాడేరు 18 డిగ్రీలు. జమైకా బ్లూ మౌంటెన్ కూడా సరిగ్గా 18 డిగ్రీలే, అక్కడ తోటలు 900 మీటర్ల నుంచే మొదలవుతాయి. హవాయి కోనా 19 డిగ్రీల మీద ఉంటుంది, తోటలు 900 మీటర్ల లోపే. వాటిని ఎవరూ తక్కువ ఎత్తు కాఫీ అని తీసిపారెయ్యరు. డిసెంబరులో చింతపల్లి, లంబసింగి చలి చూసినవాళ్లు అరకుని అస్సలు అనరు.

మన దగ్గర తేడా కొట్టేది కోతలో, ఆ తర్వాత పనిలో. ఎర్రగా పండిన పళ్లే ఏరాలంటే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. కొమ్మ మొత్తం ఒకేసారి దూసేస్తే పచ్చికాయలు కలుస్తాయి. రోస్ట్ చేశాక వేరుశనగ తొక్క రంగులో పాలిపోయి కనిపించే గింజలు అవే. 100 గ్రాములు పళ్లెంలో పోసి చూడండి, స్పెషాల్టీ అని రాసిన ప్యాకెట్‌లో అలాంటిది ఒక్కటీ ఉండకూడదు.

కోసిన రోజే పళ్లని నీళ్లలో పోసి, తేలినవి తీసేసి, పల్పర్ (తొక్క ఒలిచే యంత్రం) పట్టాలి. తర్వాత జిగురు పులియబెట్టడం 24 నుంచి 36 గంటలని చెప్తారు. చలి రాత్రుల్లో అంతకంటే ఎక్కువ పడుతుంది. గడియారం చూసి కడిగితే జిగురు మిగిలిపోయి ఎండలో బూజు పట్టుద్ది. గుప్పెడు గింజలు నీళ్లలో రుద్ది చూడాలి. జారకుండా గులకరాళ్లలాగ గరగరమంటే కడగొచ్చు. ఇంకో గుర్తు, కర్ర గుచ్చి తీస్తే ఆ కన్నం పూడకుండా నిలవాలి. ఎండబెట్టడం నేల మీద కాదు, జల్లెడ మంచెల మీద. పొద్దున్న మంచు విడిచాకే కప్పు తీయాలి. తేమ 11 శాతానికి దిగాక బస్తాకి ఎత్తాలి.

కప్పింగ్_చెంచా
అక్షాంశం మాట నిజం. కానీ రకం తేడా కూడా ఉంది పండు గారూ. మీ దగ్గర ఎక్కువ ఎస్.795, కావేరి అనే అరబికా రకాలు. కావేరి కాటిమోర్ జాతి, తుప్పు తెగులు తట్టుకోడానికి రోబస్టా రక్తం ఎక్కించారు. ఎంత బాగా చేసినా ఆ పూల వాసన రాదు.

పాడేరు_పండు
పూల వాసన రాదు, నిజమే. ఎస్.795ని బాగా చేస్తే బెల్లం తీపి, కమలా పులుపు, మసాలా ఛాయ వస్తాయి. అది దాని సొంత రుచి. గీషా లాగ లేదని దాన్ని తక్కువ చెయ్యడం న్యాయం కాదు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది దాని రుచి దానికుందనే.

కప్పింగ్_చెంచా
తక్కువ చెయ్యలేదు, వేరు అన్నాను. ఎస్.795 వాష్డ్ మంచిది దొరికితే నేను రోజూ అదే తాగమంటాను.

మధురవాడ_మంట
మధ్యలో ఒక మాట. ఈమధ్య డ్రమ్ములో గాలి లేకుండా పులియబెట్టిన అనెరోబిక్ కాఫీలు చాలా వస్తున్నాయి. స్ట్రాబెర్రీ, పనసపండు, దాల్చినచెక్క వాసన గుప్పున కొడితే జాగ్రత్త. పులియబెట్టేటప్పుడే పండ్లో సుగంధమో వేసినవి ఉంటాయి. అది తప్పు కాదు, ప్యాకెట్ మీద రాయకపోవడం తప్పు. అనెరోబిక్ పద్ధతి మాత్రం సరైనదే. మూత బిగించి, గ్యాసు బయటికి పోయే వాల్వు పెట్టి, పీహెచ్ (పులుపు కొలత) 4 దగ్గరికి రాగానే ఆపేయాలి. ఇంకా ఉంచితే వెనిగర్ అయిపోతుంది. రోస్టులో ఆ లోపం దాగదు.

భీమిలి_కెరటం
మన వైజాగ్ గాలిలో తేమకి కొదవలేదు కదా. పచ్చి అరకు గింజలు తెచ్చి మాన్సూన్డ్ మలబార్ లాగ ఇంట్లో చెయ్యొచ్చా?

డికాషన్_రాణి
వద్దు. బూజే వస్తుంది, బూజుతో పాటు ఓక్రాటాక్సిన్ అనే విషం కూడా రావచ్చు. రోస్ట్ చేసినా అది పూర్తిగా పోదు. మంగళూరు తీరంలో ఆ పని జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఆడే గోదాముల్లో చేస్తారు. గింజలు పలచగా పరిచి, పదే పదే తిరగేసి, వదులుగా బస్తాల్లో నింపి, మళ్లీ పరిచి, 12 నుంచి 16 వారాలు ఇదే పని. గింజ ఉబ్బి, లేత పసుపు తిరిగి, పులుపు పోతుంది. పైగా దానికి వాడేది పండుతో ఎండబెట్టిన చెర్రీ కాఫీ, అరకు వాష్డ్ పార్చ్‌మెంటు (కడిగి పొట్టుతో ఎండబెట్టిన గింజ) కాదు. ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి వెళ్లిన రోజుల్లో గింజలు దారిలోనే అలా మారేవి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ప్రయాణం తగ్గాక, ఆ రుచి అలవాటైన యూరప్ వాళ్ల కోసం ఇక్కడే ఆ తేమ తగిలించడం పద్ధతిగా మారింది.

మధురవాడ_మంట
దాన్ని రోస్ట్ చేసేవాళ్లకి: గింజ తేలిక, పొట్టు ఎక్కువ. డ్రమ్ము మామూలు కంటే తక్కువ వేడి మీద మొదలుపెట్టండి. పొట్టు పట్టే డబ్బా మధ్యలో ఖాళీ చెయ్యండి, నిప్పంటుకుంటుంది.

సీతమ్మధార_సుబ్బు
జమైకా, పునుగు పిల్లి సంగతి ఎవరూ చెప్పలేదు.

నీళ్లలెక్క
జమైకా బ్లూ మౌంటెన్ అంటే పోర్ట్‌లాండ్, సెయింట్ ఆండ్రూ, సెయింట్ థామస్, సెయింట్ మేరీ అన్న నాలుగు జిల్లాల్లో, 900 నుంచి 1,700 మీటర్ల మధ్య పండినదే. పచ్చి గింజ 70 కిలోల చెక్క పీపాల్లో ఎగుమతి అవుతుంది. ప్యాకెట్ మీద 100 శాతం అన్న మాట వెతకండి. బ్లూ మౌంటెన్ బ్లెండ్, బ్లూ మౌంటెన్ స్టయిల్ అని ఉంటే అందులో ఎంత ఉందో దేవుడికే తెలియాలి. జమైకా హై మౌంటెన్ వేరే సరుకు, ఆ హద్దు బయట పండినది. కోనాకీ ఇదే గోల. హవాయి చట్టం ఇన్నాళ్లూ 10 శాతం కోనా ఉంటే కోనా బ్లెండ్ అని అమ్ముకోనిచ్చింది. 2027 జూలై నుంచి కనీసం 51 శాతం ఉండాలి.

కప్పింగ్_చెంచా
రుచి సంగతి ముందే తెలుసుకుని కొనండి. బ్లూ మౌంటెన్‌లో పూలూ పండ్లూ ఉండవు. మెత్తగా, శుభ్రంగా, తక్కువ పులుపుతో, జీడిపప్పు తీపితో ఉంటుంది. గుప్పుమనేది ఆశించి కొన్నవాళ్లు ఇంతేనా అంటారు. పూలు, నిమ్మ కావాలంటే ఇథియోపియా ఇర్గాచెఫె వాష్డ్ చాలా తక్కువ ధరకి వస్తుంది. ద్రాక్ష, ఖర్జూరం లాంటి రుచి కావాలంటే యెమెన్ హరాజ్ కొండల కాఫీ. అక్కడ పండుని అలాగే మేడల మీద ఎండబెడతారు.

పాడేరు_పండు
పునుగు పిల్లి కాఫీ కొనకండి. అడవిలో పునుగు పిల్లి తనకి నచ్చిన పండిన పండు ఏరుకుని తింటుంది. ఆ రెట్టల్లోంచి గింజలు ఏరడం అంటే ఏడాదికి దొరికేది కొద్దిపాటే. మార్కెట్లో అంత సరుకు ఎక్కడిది మరి? ఇండోనేషియాలో బోనుల్లో బంధించి కాఫీ పళ్లే మేతగా పడేస్తారు. ఇరుకు బోనులో అది గిరగిరా తిరుగుతుంది, బొచ్చు రాలిపోతుంది. మన దేశంలో వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జంతువది. అడవిలో ఏరిందా, బోనులోదా అన్నది గింజ చూసి కొనేవాడికి తెలిసే దారే లేదు.

ఎంవీపీ_మూర్తి
తిరుమలలో స్వామికి పునుగు తైలం అద్దుతారు. అలాంటి జీవిని బోనులో పెట్టి పళ్లు కుక్కడం విన్నప్పుడే మనసొప్పలేదు.

మధురవాడ_మంట
రుచి లెక్కలోనూ దండగే. కడుపులో గింజలోని మాంసకృత్తులు కొంత విరిగి చేదు తగ్గుతుంది, పులుపు కూడా తగ్గుతుంది. మెత్తదనం తప్ప మిగిలేది పెద్దగా లేదు. థాయిలాండ్‌లో ఏనుగు పేడలోంచి గింజలు ఏరి చేసే బ్లాక్ ఐవరీ కాఫీ అయితే కిలో కాఫీకి సుమారు 33 కిలోల పళ్లు మేపాలి. ఏనుగు చాలావరకు నమిలేస్తుంది, కొన్ని గడ్డిలో పోతాయి. ఆ ధర రుచిది కాదు, ఆ తరుగుది.

గాజువాక_గుండ్రాయి
రాత్రి డ్యూటీ దిగొచ్చాక తాగితే నిద్ర పట్టడం లేదు. డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) కాకుండా పుట్టుకతోనే కెఫీన్ తక్కువున్న రకం ఏటైనా ఉందా?

కప్పింగ్_చెంచా
లౌరినా. రీయూనియన్ దీవిలో బూర్బోన్ పాయింటూ అంటారు. మామూలు అరబికాలో కెఫీన్ 1.2 శాతం, దీనిలో దాదాపు సగం. గింజ సన్నగా, ఒక చివర మొనదేలి ఉంటుంది. అరబికాకి తల్లి జాతి అయిన యూజినియాయిడిస్‌లో కూడా తక్కువే, కానీ చెట్టుకి కాపు మరీ స్వల్పం, దొరకడం కష్టం. పీబెర్రీ గుండ్రంగా ఉంది కాబట్టి కెఫీన్ తక్కువని అమ్మేవాళ్ల మాట నమ్మొద్దు. అది పండులో రెండు గింజలకి బదులు ఒకటే పెరగడం, అంతే.

సీతమ్మధార_సుబ్బు
గ్రైండరు వచ్చింది, నీళ్లు కలిపాను. అరకు మీద అయిదు సార్లు చేశాను. మొదటిది 2:05లో దిగిపోయి పుల్లగా ఉంది. సన్నం చేస్తే 4:10 పట్టి నోరు ఆర్చుకుపోయింది. మధ్యకి తెచ్చాక 2:55. పాలు, పంచదార లేకుండా గ్లాసు ఖాళీ అయింది, ఇంట్లో కూడా ఇంకోటి అడిగారు. ఆ సెట్టింగులోనే గీషా చేస్తే 2:30కే దిగింది, కొంచెం పలచగా ఉంది.

కప్పింగ్_చెంచా
గింజ గట్టిదనం, రోస్టు మారితే సెట్టింగు మారుతుంది. గ్రైండరు రెండు మూడు క్లిక్కులు సన్నం చెయ్యండి, నీళ్ల వేడి మార్చకండి. పలచన అంటున్నారు కాబట్టి నిష్పత్తి కూడా మార్చాలనిపిస్తుంది, మార్చకండి.

సీతమ్మధార_సుబ్బు
రెండో కప్పు 3:05లో దిగింది. పది నిమిషాలు ఆగి తాగాను. మల్లె ఉంది. వేడిగా ఉన్నప్పుడు లేదు, గోరువెచ్చనయ్యాక గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే తెలిసింది. కమలాతొక్క కూడా ఉంది. పులుపుంది గానీ గుచ్చడం లేదు, వెనకాల తేనె లాంటి తీపి. నకిలీ అన్నందుకు ఆ అమ్మిన వాళ్లకి మనసులో క్షమాపణ చెప్పుకున్నాను.

ఎంవీపీ_మూర్తి
నిజంగా తేడా తెలిసిందా, 6,500 పెట్టారు కాబట్టి తెలిసిందా?

కప్పింగ్_చెంచా
తేల్చడానికి పద్ధతి ఉంది. మూడు ఒకేలాంటి కప్పులు, రెండింట్లో ఒక కాఫీ, మూడోదాంట్లో వేరే కాఫీ. కప్పు అడుగున గుర్తు పెట్టి ఇంకొకరు కలిపి ఇవ్వాలి. వేరేది ఏదో కనిపెట్టాలి. ఊరికే చెప్పినా మూడోవంతు సార్లు సరిపోతుంది కాబట్టి ఆరుసార్లు చేసి కనీసం అయిదు సార్లు పట్టుకుంటేనే తేడా తెలిసినట్టు. గీషాతో ఆరుసార్లు చేసేంత పొడి సుబ్బు గారి దగ్గర లేదు. మీరు రోజూ కొనే కాఫీకీ, దానికి రెట్టింపు ధర ఉన్నదానికీ పెట్టి చూడండి. వడపోత కూడా అక్కర్లేదు. 150 మి.లీ. కప్పులో 8.25 గ్రాముల ముతక పొడి వేసి 93 డిగ్రీల నీళ్లు పోయండి. నాలుగో నిమిషంలో పైన తేలిన పొడిని చెంచాతో మూడుసార్లు విరగ్గొట్టి, నురగ తీసేయండి. పదో నిమిషం నుంచి చెంచాతో చప్పుడు చేస్తూ జుర్రుకుని చూడండి. పూర్తిగా చల్లారాక ఇంకోసారి. రోస్టు లోపాలు చల్లటి కప్పులోనే బయటపడతాయి.

డికాషన్_రాణి
మూర్తి గారూ, మీరు వాడే పొడిలో చికోరీ ఉందో లేదో కూడా ఈలోపు చూసుకోండి. గాజు గ్లాసులో చన్నీళ్లు పోసి పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ నీళ్లలో గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగిపోతుంది.

ఎంవీపీ_మూర్తి
చూశాను. సగానికి సగం అడుక్కి పోయింది. ప్యాకెట్ మీద 20 శాతం చికోరీ అని రాసి ఉంది!

డికాషన్_రాణి
కంటికి సగం అనిపించినంత మాత్రాన తూకంలో సగం ఉండదు, చికోరీ తడిసి ఉబ్బుతుంది. పక్కన మరో గ్లాసులో మీ చేత్తో 80, 20 కలిపిన పొడి చల్లి పోల్చండి.

సీతమ్మధార_సుబ్బు
ఇంకా 32 గ్రాములు ఉంది, రెండు కప్పులు. సంక్రాంతికి తమ్ముడు వచ్చేదాకా నిలవ ఉంచాలి, రెండు నెలలు. ప్యాకెట్‌కి జిప్ ఉంది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

నీళ్లలెక్క
ఫ్రిజ్ వద్దు. తలుపు తీసిన ప్రతిసారీ తేమ, కూరల వాసన లోపలికి పోతాయి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. 16, 16 గ్రాములు రెండుగా విడదీసి, గాలి పోని చిన్న గాజు సీసాల్లో, గింజ నిండుగా ఉండేలా, పైన ఖాళీ లేకుండా పెట్టండి. పొడి చేసి మాత్రం పెట్టొద్దు. తీసినరోజు సీసా బయటపెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. మన ఊరి గాలికి చల్లటి గింజ తగిలితే క్షణంలో చెమ్మ పట్టేస్తుంది, ఆ గింజ గ్రైండర్‌లో ముద్ద కడుతుంది. ఒకసారి మూత తీసిన సీసా మళ్లీ ఫ్రీజర్‌లోకి పోకూడదు.

గాజువాక_గుండ్రాయి
తమ్ముడికి ఇచ్చేటప్పుడు పాలు కనపడకుండా దాచెయ్ సుబ్బన్నా.